చేతులదా, చక్రాలదా

వెదుళ్ళగూడెం,
జూన్ రెండో వారం.

నా నిత్య ప్రతిపక్షమైన రాజ్యశ్రీకి,

ఫోను ఉండగా ఉత్తరమెందుకని నువ్వు మొదటి వాక్యానికే అభ్యంతరం చెబుతావు గనుక జవాబు ముందే రాస్తున్నాను. మా ఊళ్ళో సిగ్నలు కావాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. ఎక్కినా నువ్వు నన్ను ఏ వాక్యమూ పూర్తి చేయనివ్వవు. డిగ్రీ మూడేళ్ళూ ఒకే హాస్టలు గదిలో ఉండి, ప్రతి వక్తృత్వ పోటీలోనూ నీకు ఎదురుగా నిలబడి నేను నేర్చుకున్నది ఒక్కటే: నీతో మాట్లాడదలచినవారు నీ గొంతు చేరని చోటు నుంచి మాట్లాడాలి. కాగితం అలాంటి చోటు.

మీ తల్లాడ బాబాయి వెంకటకృష్ణగారి దగ్గర మా మహిళా సంఘం మార్చిలో కొన్న పాత వ్యాను గుర్తుందా? బేరం కుదిర్చినదానివి నువ్వే. సంఘం అధ్యక్షురాలు నాగక్క తాళాలు నా చేతిలో పెట్టినప్పుడు ఊళ్ళో చాలామంది మొహాలు ముడుచుకున్నారు. అయినా వేసవంతా ఏ ఫిర్యాదూ రాలేదు. చింతపండు బస్తాలూ, విస్తర్ల కట్టలూ, చీపుళ్ళూ పైదాకా నింపుకొని భద్రాచలం సంతకు తోలాను, వచ్చేటప్పుడు బియ్యం, సిమెంటు నింపుకొచ్చాను. బండి చెప్పినట్టు విన్నది.

ఇప్పుడు వినడం లేదు. వానలు పడ్డాయి, అడవి సరుకు తగ్గింది. దవాఖానాకో బ్యాంకుకో వెళ్ళే నలుగురైదుగురిని ఎక్కించుకొని పోతున్నాను. అటవీశాఖ చెక్‌పోస్టు దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది. అక్కడ వేగం పెరగగానే బండి ఒక పక్కకు జారుతుంది. సరిచేయబోయి స్టీరింగు తిప్పితే రెండో పక్కకు ఇంకా ఎక్కువ జారుతుంది. సరిచేసిన కొద్దీ ఊపు పెరుగుతుంది. నెమ్మదిస్తే తప్ప ఆగదు. మొన్న మా పెదనాన్న దూలయ్య ముందు సీట్లో కోడిని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఆ ఊపుకు కోడి నా ఒళ్ళోకి వచ్చింది. ఆయన ఊరికి తిరిగివచ్చి రచ్చకట్ట దగ్గర తీర్పు చెప్పేశాడు:

"బండికేమైంది? బండి మంచిగనే ఉన్నది. తోలే చేతులు గట్టిగుంటే గిట్ల ఊగుతదా? ఆడపిల్ల చేతులాయె, ఊగక ఏం జేస్తయ్?"

నాగక్క నన్ను పక్కకు పిలిచింది. "నాట్లు అయినంక మీటింగ్ పెడ్త బిడ్డా. అప్పటిదాకా బండి సక్కగ పోకుంటే తాళాలు రాంబాబుకి ఇయ్యాలె. నాకు ఇష్టమై కాదు. రేపు ఎవలికన్న దెబ్బ తగిల్తే నేనేం జవాబు చెప్పాలె?"

రాంబాబు పక్క ఊరివాడు. కిరాయికి సొంత వ్యాను తోలుతాడు, మర్యాదస్థుడు, అందువల్ల అతనిమీద కోపగించుకునే సౌకర్యం కూడా నాకు లేదు. చదువయ్యాక ఈ ఊళ్ళోనే ఎందుకు ఉన్నావని అడిగిన ప్రతివారికీ ఇంతకాలం ఆ డ్రైవరు సీటునే చూపించాను. అది పోతే చూపించడానికి ఏమీ ఉండదు.

కాబట్టి చర్చనీయాంశం ఇది: తప్పు చేతులదా, చక్రాలదా? నువ్వు జీవితంలో ఏ వాహనాన్నీ నడపలేదు గనుక నీకు ముందస్తు అభిప్రాయాలు ఉండవని నమ్మి రాస్తున్నాను.

భవాని


ఖమ్మం,
జూన్ చివర.

ఓటమిని కూడా వ్యంగ్యంగా ప్రకటించే భవానికి,

నాకు ముందస్తు అభిప్రాయాలు ఉండవని నమ్మినందుకు కృతజ్ఞతలు. నీ మీద ఉన్నవి చాలు.

మొదట దూలయ్యగారి వాదనను విచారిద్దాం. బండి ఊగింది, నడిపినది ఆడపిల్ల, కాబట్టి ఆడపిల్ల వల్ల ఊగింది. రెండు విషయాలు ఒకేచోట ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు. ఇదే తర్కంతో ఆ కోడి వల్ల ఊగిందనీ నిరూపించవచ్చు. కోడి కూడా ఆడదే అయి ఉంటుంది గనుక పెదనాన్నగారికి అది మరింత నచ్చుతుంది. వేసవంతా నీ చేతులు ఇవే కదా? అప్పుడు ఊగని బండి ఇప్పుడు ఊగితే, మారినది చేతులు కావు. ఈ ఒక్క వాక్యంతో ఆయన వాదం కూలిపోయింది. నువ్వు ఆ వాక్యం రచ్చకట్ట దగ్గరే అనకుండా ఇంటికి వచ్చి నాకు ఉత్తరం రాయడం నాకు నచ్చలేదు.

ఇక చక్రాలు. న్యాయశాస్త్రం పుస్తకాలు పక్కనపెట్టి వాహనాల మరమ్మతు మీద గ్రంథాలయంలో ఉన్నవన్నీ తెప్పించుకున్నాను. "కేసేమన్న దొరికిందా అమ్మా అప్పుడే?" అని గ్రంథాలయాధికారి అడిగారు. దొరికిందన్నాను. నా అభియోగం టైర్ల మీద. నాలుగింటిలో గాలి సమానంగా ఉందో లేదో చూడు. అరుగుదల చూడు. స్టీరింగులో ఎంత ఆట ఉందో, అంటే చక్రం కదలకుండా స్టీరింగు ఎంత తిరుగుతుందో చూడు. భద్రాచలంలో చక్రాల అలైన్‌మెంటు చేయించు. ఇన్ని చేశాక కూడా ఊగితే ఆశ్చర్యపోతాను. నేను ఆశ్చర్యపోవడం అరుదని నీకు తెలుసు.

అంతకంటే ముఖ్యమైన వ్యూహం ఒకటి ఉంది. ఆ రాంబాబును పిలిచి ఊరందరి ముందూ బండి తోలమను. అతని చేతిలోనూ ఊగితే వ్యాజ్యం అక్కడితో ముగుస్తుంది. ప్రత్యర్థి సాక్షిని మన బోనులో నిలబెట్టడం కంటే గొప్ప ఎత్తుగడ లేదు.

నీ విజయాన్ని ముందుగానే అభినందిస్తూ,
రాజ్యశ్రీ


వెదుళ్ళగూడెం,
జూలై మొదట్లో.

గొప్ప ఎత్తుగడల రాజ్యశ్రీకి,

నీ ఆజ్ఞలన్నీ పాటించాను. టైర్లలో గాలి సమానం. అరుగుదల వయసుకు తగినంతే. స్టీరింగులో ఆట ఉన్నమాట నిజమే కాని మెకానిక్కు దాన్ని బిగించాడు. అలైన్‌మెంటు చేయించాను. తిరిగివస్తుంటే చెక్‌పోస్టు దగ్గర మళ్ళీ ఊగింది. నువ్వు ఆశ్చర్యపోవచ్చు.

తరువాత నీ సాక్షిని బోనెక్కించాను. రాంబాబు నిజానికి ఇబ్బంది పడ్డాడు. "నీ బండి నేనెందుకు తోల్తక్కా, బాగుండదు" అన్నాడు. నేనే బలవంతం చేశాను. యూరియా వచ్చిందని కబురు తెలియడంతో రైతులు కూడా వెంటబడ్డారు. అతను వాళ్ళను కిక్కిరిసేలా ఎక్కించుకొని భద్రాచలం పోయి, బండి నిండా యూరియా బస్తాలతో తిరిగివచ్చాడు. నేను చెక్‌పోస్టు దగ్గర నాగక్కతో, పెదనాన్నతో, సంఘం సభ్యులతో నిలబడి చూశాను. తిన్నని రోడ్డు మీద, మామూలుగా నేను పోయే వేగం కంటే ఎక్కువ వేగంతో, ఆ బండి దారం పట్టి లాగినట్టు వచ్చింది.

పెదనాన్న తిట్టలేదు. నవ్వలేదు కూడా. ఆయన నా వైపు జాలిగా చూశాడు. జీవితంలో మొదటిసారి నాకు ఆయన తిట్లు కావాలనిపించింది.

నిన్న స్టీరింగు పట్టుకొని, ఇంజను వేయకుండా, ఊరికే కూర్చున్నాను. నా చేతులు చూసుకున్నాను. ఎక్కడో గట్టిగా పట్టుకుంటున్నానేమో. ఎక్కడో తొందరపడుతున్నానేమో. ఊగుతుందన్న భయంతో ముందే తిప్పేస్తున్నానేమో. నువ్వు ఈ వాక్యాలు చదివి కోపగించుకుంటావని తెలుసు. కాని ఇవి వాదన కోసం రాసినవి కావు.

మా నాట్లు సగమయ్యాయి.

భవాని


ఖమ్మం,
ఉత్తరం అందిన రోజే.

భవానీ,

కోపం వచ్చింది. నీ మీద కాదు, నా మీద. నీకు ఎత్తుగడ చెప్పాను కాని పరీక్షను సరిగా అమర్చలేదు. చదువుకున్నవాళ్ళు చేయకూడని పొరపాటు అది. దూలయ్యగారు చేసిన తప్పునే నేను పుస్తకాలు ముందేసుకొని చేశాను.

నువ్వు తోలినప్పుడు బండి దాదాపు ఖాళీ. రాంబాబు తోలినప్పుడు బండి నిండా యూరియా. మనిషీ మారాడు, బరువూ మారింది. రెండూ ఒకేసారి మార్చి, ఫలితాన్ని మనిషి ఖాతాలో వేయడం ఏ న్యాయం? నీ మొదటి ఉత్తరం మళ్ళీ చదివాను. వేసవంతా బండి విన్నదని రాశావు. అప్పుడు అందులో చింతపండు ఉంది. వానలు పడి సరుకు తగ్గగానే ఊగడం మొదలైంది. ఇది నీ ఉత్తరంలోనే ఉంది. రాసిన నువ్వూ చూడలేదు, చదివిన నేనూ చూడలేదు.

కాబట్టి వాయిదా కోరుతున్నాను. రాంబాబును ఖాళీ బండితో పంపించు. అదే రోడ్డు, అదే వేగం. తరువాత బస్తాలు నింపి నువ్వు తోలు. దూలయ్యగారు తప్పనిసరిగా చూడాలి. ఆయన ఏమంటాడో అక్షరం పొల్లుపోకుండా రాయి.

నీ చేతుల గురించి నువ్వు రాసిన పేరాకు ప్రత్యుత్తరం ఇవ్వను. నీతో ఓడిపోయిన ప్రతిసారీ వేదిక దిగుతూ నేను ఆ చేతితోనే చెయ్యి కలిపాను. అది వణకడం నేనెన్నడూ చూడలేదు.

రాజ్యశ్రీ


వెదుళ్ళగూడెం,
జూలై మూడో వారం.

రాజీ,

అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

రాంబాబు ఖాళీ బండిని చెక్‌పోస్టు అవతల నుంచి తోలుకొచ్చాడు. సగం దూరంలోనే వెనకభాగం ఊగడం మాకందరికీ కనబడింది. అతను బండి పక్కకు ఆపి, దిగి, తలుపు పట్టుకొనే అన్నాడు:

"ఏందక్కా ఇది, పాము లెక్క పోతున్నది. నువ్వు దీన్ని నెలరోజుల సంది తోల్తున్నవా? నాకైతే పానం పోయినట్లైంది."

తరువాత పొలాలకు పోవలసిన యూరియా బస్తాలన్నీ ఎక్కించి నేను తోలాను. దారం పట్టి లాగినట్టు పోయింది. సంఘం ఆడవాళ్ళు అరిచిన అరుపుకు చెక్‌పోస్టు గార్డు బయటికి వచ్చి ఎవరన్నా చచ్చిపోయారా అని అడిగాడు.

పెదనాన్న మాత్రం ఓటమిని ఒప్పుకోలేదు. నీ వంశంలో పుట్టవలసిన మనిషి. "అవ్, గట్లైతే అయింది. ఎప్పుడూ బస్తాలు ఏసుకొనే తిరుగుర్రి. నేను వద్దన్ననా?" అన్నాడు. నవ్వులాటకు అన్నాడో నిజంగా అన్నాడో తెలియదు గాని, నాగక్కకు అది ఉపాయంలాగే తోచింది. మర్నాడు వాగు ఇసుక సంచుల్లో నింపించి వెనకాల పెట్టించింది. బండి బుద్ధిగా నడిచింది. కాని నడుమ సీటు తీసేయవలసి వచ్చింది, డీజిలు తాగింది, పైగా దవాఖానాకు బయలుదేరిన ఒకావిడ ఇసుక మీద కూర్చోవలసి వచ్చి, "నన్ను కాన్పుకి తీస్కపోతున్నరా, గోడ కట్టనీకి తీస్కపోతున్నరా?" అని దారి పొడుగునా అడిగింది. ఉపాయం ఒక్క రోజుతో ఆగిపోయింది.

గత ఉత్తరంలో ఒక మాట దాచాను. రాంబాబు యూరియాతో వచ్చిన సాయంత్రమే నేను తాళాలు తీసుకెళ్ళి నాగక్కకు ఇచ్చేశాను. మీటింగు దాకా ఆగలేకపోయాను. ఆమె వాటిని గోడ మేకుకు తగిలించి, "ఇవి ఈడనే ఉంటయ్. రాంబాబు గూడ ముట్టడు, నువ్వు గూడ ముట్టకు" అన్నది. ఈ పరీక్ష కోసం, ఇసుక రోజు కోసం అవి మళ్ళీ కిందికి దిగాయి. ఇంకా పూర్తిగా నావి కాలేదు. జబ్బు ఎక్కడుందో తెలియలేదు. తెలియని జబ్బున్న బండిలో ఆమె ఇక మనుషుల్ని ఎక్కించదు. అది న్యాయమే.

ఒక సంగతి గమనించాను. ఖాళీ చేశాక మా బండి, రాంబాబు బండి పక్కపక్కన నిలిచాయి. రెండూ ఒకే రకం. అతనిది నేలకు సమంగా నిలబడింది. మాది వెనక ఎత్తుగా, ముందు కిందికి, నీళ్ళు తాగే ఎద్దులాగా నిలబడింది. కిందికి దూరి చూస్తే వెనక ఇరుసు మీది కమాన్లు, అవే, బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు, అతని బండి కట్టల కంటే బాగా మందంగా ఉన్నాయి. మీ బాబాయిని అడుగుతావా? మర్యాదగా అడుగు. నీ పద్ధతిలో కాదు.

భవాని


తల్లాడ,
జూలై చివర.

పరిశోధకురాలైన భవానికి,

నా పద్ధతిలోనే అడిగాను. మర్యాదగా అడిగితే మా బాబాయి జవాబు చెప్పడు; కాఫీ ఇప్పించి పంపిస్తాడు.

నేను వెళ్ళేసరికి వసారాలో మిరప నారు గురించి ఫోనులో ఎవరితోనో పోట్లాడుతున్నారు. ఫోను పెట్టగానే ఆ బండికి కమాన్లు ఏం చేయించారని అడిగాను.

"ఏం చేయించాలి? అదనపు పట్టీలు కట్టించాను. ఒకటి కాదు, ఒత్తుగా కట్టించాను. పట్టీలు కట్టకుండా మిర్చి బండి ఎవడు తోల్తాడమ్మా? బస్తాలు పైకప్పు దాకా వేసుకొని ఖమ్మం యార్డుకి పోవాలంటే మామూలు కమాను ఒక్క సీజను ఆగుద్దా?"

"అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పలేదేం?"

"నేను తీసేయించుకోకుండా దాంతోనే ఇచ్చాను. ఆ సంగతి నువ్వడగవు. వేరేవాళ్ళైతే పట్టీలు ఊడదీసుకొని మరీ అమ్ముతారు."

భవానీ, ఇది మోసం కాదు. ఆయన దృష్టిలో అది పెళ్ళికూతురుతో పాటు పంపిన వెండిగిన్నె. మిర్చి పండించే ఈ ఊళ్ళలో ప్రతి బండికీ పట్టీలు కట్టించడం నుదుట బొట్టు పెట్టడమంత సహజం. దాన్ని ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. మీ ఊళ్ళో ఆ అలవాటు లేదు గనుక అడగాలని మీకూ తోచలేదు.

పుస్తకం తెరిచి ఆయనకు వివరించాను. నీకూ వివరిస్తాను. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, కొంచెం వాలి ఉంటుంది. ఆ వాలు వల్లనే చేతులు వదిలినా చక్రం తనంతట తాను తిన్నదనానికి వస్తుంది. వ్యాను ముందు చక్రాలకూ అలాంటి వాలే పెట్టి ఉంటారు. వెనకభాగం పైకి లేచి ముక్కు కిందికి వంగితే ఆ వాలు పోతుంది. చక్రాలు తిన్నదనాన్ని మరచిపోతాయి. ఒకసారి పక్కకు పోతే పోతూనే ఉంటాయి. సరిచేస్తే రెండో పక్కకు పోతాయి. పైగా ఆ మందపు పట్టీలు ఖాళీ బండికి రాళ్ళలాంటివి, గుంతకు గుంతకూ వెనక చక్రాలు ఎగిరి పట్టు తప్పుతాయి. బస్తాలు వేస్తే వెనక కుంగుతుంది, వాలు తిరిగివస్తుంది, బండి సాధువైపోతుంది.

బాబాయి అంతా విని నా పుస్తకం మీద కాఫీ గ్లాసు పెట్టారు. "ఎన్నో ఏళ్ళు తోలాను. ఒక్కనాడు ఊగలేదు."

"ఖాళీగా ఎప్పుడైనా వేగంగా తోలారా?"

"ఖాళీగా వచ్చేటప్పుడు తొందరేముంటుంది? మిర్చి అమ్ముడుపోయింది. దారిలో టీలు తాగుతూ నిదానంగా వస్తాం."

మా పిన్ని నిర్మలాదేవి వంటింట్లోంచి, "టీలే కాదులే, చెప్పండి" అన్నది. వాదన ఆ పక్కకు మళ్ళిపోయి నేను ఇరుకున పడ్డాను. చివరికి ఆయన లేచి, "నా బండికి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకు లేరు. నేనే వచ్చి తోలి చూపిస్తాను, ఆ పిల్లనీ పక్కన కూర్చోమను" అన్నారు.

నిజం ఒప్పుకుంటున్నాను: ఆయనను నేను వాదనలో గెలవలేకపోయాను. మీ చెక్‌పోస్టు రోడ్డు గెలుస్తుందని ఆశిస్తున్నాను. నాకు పరీక్షలు, రాలేను. ఆయన ఆదివారం పొద్దున బయలుదేరుతారు.

రాజ్యశ్రీ


వెదుళ్ళగూడెం,
ఆగస్టు రెండో వారం.

రాజీ,

మీ బాబాయి తెల్లచొక్కా వేసుకొని, కారులో కమలాపళ్ళ బుట్టతో వచ్చారు. నాగక్క ఇంట్లో మంచినీళ్ళు తాగి, తాళాలు మేకు మీంచి తానే తీసుకొని వ్యానెక్కారు. నేను పక్కన కూర్చున్నాను. ఊరు దాటేదాకా బండి ఎంత గొప్పదో చెబుతూనే ఉన్నారు. చెక్‌పోస్టు దాటాక కూడా చెబుతూనే ఉన్నారు. వేగం పెరిగింది. ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది. రెండు చేతులూ స్టీరింగు మీదికి వచ్చాయి. బండి నెమ్మదించాక, పక్కకు ఆపి, అద్దంలోంచి రోడ్డు చూశారు.

"దీన్ని నువ్వు తోలావా అమ్మా ఇన్నాళ్ళు?"

"తోలాను బాబాయ్."

"నా కొడుకైతే రెండో రోజే వాగులో పడేసేవాడు" అన్నారు. దిగి నా వైపు వచ్చి సీటు మార్చుకున్నారు. అక్కణ్ణుంచి నేనే తోలాను, నెమ్మదిగా, భద్రాచలం వర్క్‌షాపు దాకా.

ఆ చొక్కాతోనే మెకానిక్కు పక్కన కింద కూర్చొని అదనపు పట్టీలు ఒక్కొక్కటే విప్పించారు. కమాన్ల చివర్లలో అరిగిన రబ్బరు బుష్షులు మార్పించారు. విప్పిన పట్టీలను మాత్రం వదల్లేదు. కారు డిక్కీలో వేసుకుపోయారు, ఇంకో మిర్చి బండికి పనికొస్తాయట. ఇకమీదట చింతపండు ఒకేసారి పైదాకా నింపకూడదని, రెండు విడతలుగా తోలాలని నాకు గట్టిగా చెప్పారు. నిలబెట్టి చూస్తే బండి ఇప్పుడు నేలకు సమంగా ఉంది.

నాగక్క మీటింగును సంఘం గదిలో పెట్టలేదు. "మాటలతోటి ఏం తేల్తది? బండిలనే పెడదాం" అన్నది. ఆమె, ఇంకో ముగ్గురు వెనక సీట్లో; పెదనాన్న ముందు, నా పక్కన. బరువు తక్కువ, రోడ్డు ఖాళీ, రాత్రి కురిసిన వానకు ఇంకా తడిగా ఉంది. చెక్‌పోస్టు గేటు లేచింది. నీకు అబద్ధం చెప్పను, మొదటి గేరులోనే కాస్త దూరం పోనిచ్చాను. వేగం పెంచాను. మామూలుగా ఊపు మొదలయ్యే చోటు వచ్చింది. అరచేతులు స్టీరింగు మీద ఊరికే ఆనించి ఉంచాను. ఒక గుంత తగిలింది. బండి ఒకసారి కదిలి, నేనేమీ చేయకుండానే, తనంతట తాను తిన్నగా అయింది.

 ఇంజను మోతలో పెదనాన్న గొంతు కూడా వినబడలేదు. ఏదో గట్టి అభ్యంతరం ఆలోచిస్తున్నాడనుకున్నాను. టేకు తోటలు దాటాము, వంతెన దాటాము, మలుపులు వచ్చాయి, భద్రాచలం మొదటి ఇళ్ళు కనబడ్డాయి. అప్పుడు తిరిగి చూశాను. ఆయన తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకొని, గాఢంగా నిద్రపోతున్నాడు.

సంత దగ్గర బ్రేకు వేస్తే లేచాడు. "అప్పుడే వచ్చిందా ఊరు? జర మెల్లగ తోల్తే ఏమైతుండె, నిద్ర సగంలనే తెగింది."

నాగక్క కిందికి దిగి చీర సర్దుకొని, "మీటింగ్ అయిపోయింది. తాళాలు పిల్లకాడనే ఉంటయ్" అన్నది.

"నేనింక మాట్లాడనే లేదు, అప్పుడే ఎట్లైపోతది?" అన్నాడు పెదనాన్న.

"మాట్లాడినవ్ బావా. చెక్‌పోస్టు కాడికెల్లి గురక పెట్టుకుంట మాట్లాడుతనే ఉన్నవ్."

భవాని